రిపోర్టులన్నీ నార్మల్, నిద్ర మాత్రం లేదు: ఒత్తిడిపై అపోహలు - వాస్తవాలు

నేను సైకాలజిస్టుని. విశాఖలో నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చేతిలో ఓ ఫైలు ఉంటుంది. ఛాతీ పట్టేసినట్టు ఉందని ఈసీజీ తీయించుకుని ఉంటారు. గ్యాస్ అనుకుని ఎండోస్కోపీ కూడా అయిపోయి ఉంటుంది. అన్నీ నార్మల్. "మరి నాకేమైందండీ?" అంటారు. ముందు పరీక్షలు చేయించుకోవడం సరైన పనే. ఛాతీ నొప్పికి మొదట చూడాల్సింది గుండె డాక్టరే. థైరాయిడ్ చూపించుకోకపోతే అదీ చూపించుకోమంటాను. అవన్నీ బాగుంటే నేను అడిగే తొలి ప్రశ్న మనసు గురించి కాదు. గత ఏడాదిలో మీ ఇంట్లో, ఉద్యోగంలో ఏమేం మారాయి అని అడుగుతాను.

అపోహ: కష్టాలొస్తేనే ఒత్తిడి. శుభకార్యాలకి టెన్షనేంటి?

1967లో అమెరికాలో హోమ్స్, రాహె అనే ఇద్దరు మానసిక వైద్యులు 43 జీవిత ఘటనలకు మార్కులిస్తూ ఓ జాబితా ప్రచురించారు. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73. అదే జాబితాలో పెళ్లికి 50, రిటైర్మెంటుకి 45 ఉన్నాయి. చివరికి క్రిస్మస్ పండక్కి కూడా 12 వేశారు. ఇంటినిండా చుట్టాలతో జరిగే మన సంక్రాంతికి ఎంత వేసేవారో మరి! మొత్తం మార్కులు చూసి ఎవరికి జబ్బు చేస్తుందో చెప్పేయలేం. కానీ మంచి మార్పు కూడా మనిషిని అలసిపోయేలా చేస్తుందన్న మాట నిజం.

స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషినే తీసుకోండి. ఉద్యోగంతో పాటు షిఫ్టు పోతుంది, ఉక్కునగరం క్వార్టరు పోతుంది, సాయంత్రం పలకరించే ఇరుగుపొరుగు పోతారు. మధురవాడలో కొత్త ఫ్లాటు, అదే ఏడు అమ్మాయి పెళ్లి, ఆ వెంటనే ఆ పిల్ల అమెరికా ప్రయాణం. విడివిడిగా చూస్తే అన్నీ శుభవార్తలే. అందుకే "నాకేం తక్కువని ఈ దిగులు?" అని ఆయన తనని తానే తిట్టుకుంటూ ఉంటాడు. భర్తకి బదిలీ అయిన ప్రతిసారీ ఉన్న ఉద్యోగం వదులుకునే నేవీ ఇల్లాలిదీ ఇంచుమించు ఇదే బాధ.

ఇలాంటి ఇబ్బంది మామూలుగా మార్పు వచ్చిన నెల లోపే మొదలవుతుంది. కారణం తొలగిపోతే చాలామందికి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. అయితే రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి చెడిపోయే ఉన్నాయి, పని సాగట్లేదు, దేని మీదా ఆసక్తి లేదు అంటే మాత్రం ఆగకుండా రండి.

అపోహ: కౌన్సెలర్ చేసేది సలహాలివ్వడమే కదా, అది మా పెదనాన్న ఫ్రీగా ఇస్తాడు.

సలహాలకి మన ఇళ్లలో ఎప్పుడూ లోటు లేదు. వచ్చినవాళ్లు అప్పటికే అవి వినివిని విసిగి ఉంటారు. నేను కాగితం మధ్యలో గీత గీసి ఇస్తాను. మన చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి రెండోవైపు రాయమంటాను. "పీఎఫ్ డబ్బు ఎక్కడ పెట్టాలి" మొదటి వైపుకి వెళ్తుంది. దానికి ఉన్న దారులన్నీ రాసి, ఒకటి ఎంచుకుని, ఈ వారం వేయాల్సిన మొదటి అడుగు ఏమిటో తేలుస్తాం. "అమ్మాయికి వీసా రెన్యూ అవుతుందా" రెండో వైపుది. ఆలోచించడం మానెయ్యమంటే ఎవరి వల్లా కాదు. అందుకని రోజూ సాయంత్రం ఓ ఇరవై నిమిషాలు ఆ దిగులుకే కేటాయించమంటాను. మిగతా వేళల్లో గుర్తొస్తే రాసి పక్కన పెట్టి, ఆ టైముకే చూసుకోవాలి. వినడానికి తమాషాగా ఉంటుంది కానీ చాలామందికి పనిచేస్తుంది.

అసలు పని దినచర్య దగ్గర ఉంటుంది. షిఫ్టు లేని మనిషికి పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు. "మూడ్ బాగుంటే వాకింగుకి వెళ్తాను" అంటారు. మా పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది: ముందు వెళ్లాలి, మూడ్ తర్వాత వస్తుంది. బీచ్ రోడ్డులో ఒక్కరే నడిచి వస్తే ఆరోగ్యానికి మంచిదే, కానీ నేను పాత షిఫ్టు స్నేహితుడితో వారానికి రెండు రోజులు నడవమని పట్టుబడతాను. మూడో వారం ఆయన భార్యనీ రమ్మంటాను. ఆయన పొద్దస్తమానం ఇంట్లో ఉండడం ఆవిడకీ కొత్తే. ఆమె టీవీ టైము, మధ్యాహ్నం కునుకు అన్నీ తారుమారయ్యాయి. ఆ సంగతి ఎవరూ ఆవిడని అడిగి ఉండరు.

ఇవన్నీ ఏళ్ల తరబడి సాగేవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మెళకువలతోనే అయిదు వారాల కార్యక్రమం ఒకటి తయారు చేసింది.

అపోహ: జరిగిందంతా కక్కేస్తేనే బరువు దిగుతుంది.

అందరికీ కాదు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫాను లాంటిది వచ్చినప్పుడు బాధితుల్ని వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించడం మేలు చేయదు. ముందు నీళ్లు, నీడ, అయినవాళ్ల కబురు కావాలి. చెప్పాలనిపించినవాళ్ల మాట ఓపిగ్గా వినాలి.

అపోహ: వెళ్తే మాత్రలిస్తారు, వాటికి అలవాటు పడిపోతాం.

నాలాంటి సైకాలజిస్టు మందులు రాయరు. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. డిప్రెషన్ మందులు మత్తుమందుల్లా వ్యసనం కావు, అలాగని సొంతంగా హఠాత్తుగా ఆపేయకూడదు. నాకు విచిత్రంగా అనిపించేది వేరే. డాక్టరు రాసే మాత్రకి భయపడేవాళ్లే పక్కింటావిడ ఇచ్చిన ఆల్ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మాత్రని సగం విరిచి రోజూ వేసుకుంటుంటారు. నిజంగా అలవాటు చేసేది అదే.

అపోహ: నలుగురికీ తెలిస్తే సంబంధాలు చెడతాయి.

వాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెప్పి ఎగతాళి చేసే ఊళ్లో ఈ భయం సహజమే. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలకి గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవేంటో నేను మొదటి రోజే చెప్పేస్తాను. బయటికి రావడానికి జంకు ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింటుమెంటు కోసం చూడొద్దు. వెంటనే ఆ నంబరుకి చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి, ఒంటరిగా ఉండకండి.

ఇంకో మాట. బోర్డు పెట్టిన ప్రతివారూ శిక్షణ పొందినవాళ్లు కారు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫీజు కట్టే ముందే ఆ నంబరు అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లయితే వేరేవాళ్లని చూసుకోండి.