పరిశోధన భాగస్వామ్యాల నిధులు: మంజూరు పత్రం చేతికొచ్చిన డబ్బు కాదు

అంతర్జాతీయ పరిశోధన గ్రాంట్ల వ్యవహారాలు చూసే మాబోటివాళ్లను భాగస్వామి సంస్థలు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "గ్రాంట్ మంజూరైంది కదా, ఇక మనుషులను తీసుకోవచ్చా?"

తీసుకోకూడదు. నిధిదాతతో నేరుగా ఒప్పందం చేసుకునే ప్రధాన సంస్థకు మంజూరు పత్రం అందినంత మాత్రాన మీ సంస్థకు డబ్బు వచ్చినట్లు కాదు. మీ రెండు సంస్థల మధ్య ఉప ఒప్పందంపై సంతకాలు కావాలి, అందులోని ప్రారంభ తేదీ రావాలి. ఆ తర్వాత కూడా చాలా పథకాలలో ముందు మీరు ఖర్చు పెట్టి, మూడు నెలలకోసారి లెక్కలు పంపితేనే సొమ్ము విడుదలవుతుంది. తాగునీటి నాణ్యతపై పనిచేసే ఒక చిన్న సంస్థ వోచర్లు ఒకసారి నా పరిశీలనకు వచ్చాయి. నమూనాలు తెచ్చిన వాహనానికి ఇంధనం, సీసాలు, క్షేత్ర సహాయకుల జీతాలు, అన్నీ న్యాయమైన ఖర్చులే, దుబారా మచ్చుకైనా లేదు. కానీ వాటిమీది తేదీలు ఒప్పందం ప్రారంభ తేదీకి ముందువి కావడంతో కొట్టివేయక తప్పలేదు, ఆ జీతాల భారం సంస్థ నెత్తినే పడింది. చేతిలో నిల్వ లేని సంస్థలు ముందస్తు చెల్లింపు కావాలని దరఖాస్తు దశలోనే అడగాలి. అడగడం నామోషీ కాదు, కొందరు నిధిదాతల నిబంధనల్లో అందుకు వీలుంటుంది.

సంతకాలయ్యాక చివరిదాకా డబ్బు ఖాయమన్న ధీమా కూడా పనికిరాదు. బ్రిటన్ తన అభివృద్ధి సాయాన్ని స్థూల జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గిస్తామని 2020 నవంబరులో ప్రకటించింది. 2021 మార్చి నాటికి బ్రిటన్ ప్రభుత్వ పరిశోధన నిధి సంస్థ అయిన యూకే రిసెర్చ్ అండ్ ఇన్నోవేషన్ అప్పటికే ఇచ్చిన మాటలకూ, ఆ సాయం పద్దు నుంచి దానికి వచ్చిన కేటాయింపుకూ మధ్య 12 కోట్ల పౌండ్ల లోటు తేలింది. ఆ సాయం సొమ్ముతో ఏర్పడిన గ్లోబల్ చాలెంజెస్ రిసెర్చ్ ఫండ్ కింద నడుస్తున్న ప్రాజెక్టులకు మధ్యలోనే కోత పడింది. కాబట్టి రద్దు నిబంధనను బడ్జెట్ పట్టికంత శ్రద్ధగా చదవండి.

లోపల తెలిసినవాళ్లుంటే తప్ప గ్రాంట్ రాదనే పుకారుకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. పలు దేశాల ఉమ్మడి ప్రాజెక్టులో అందరి డబ్బూ ఒకే ఖాతాలో పడుతుందనుకోవడమూ పొరపాటే. ఉదాహరణకు, పర్యావరణ మార్పులపై పరిశోధనకు డబ్బిచ్చే పలు దేశాల నిధి సంస్థల కూటమి బెల్మాంట్ ఫోరమ్ దరఖాస్తులు పిలిచినప్పుడు సాధారణంగా ఏ దేశపు పరిశోధకులకు ఆ దేశపు నిధి సంస్థే డబ్బిస్తుంది.

ఇక మంచి విజ్ఞానమైతే చాలుననే భ్రమ. సాయం పద్దు నుంచి వచ్చే సొమ్ముకు అభివృద్ధి చెందుతున్న దేశాల సంక్షేమమే ప్రధానోద్దేశం కావాలి, లబ్ధి పొందే దేశం డీఏసీ జాబితాలో, అంటే ఓఈసీడీ అనే దేశాల కూటమికి చెందిన అభివృద్ధి సాయ కమిటీ తయారుచేసే సాయార్హ దేశాల జాబితాలో ఉండాలి. ఆ జాబితాను మూడేళ్లకోసారి సవరిస్తారు. బహుళ సంవత్సరాల ప్రాజెక్టు మధ్యలో భాగస్వామి దేశం అందులోంచి తప్పుకునే అవకాశముంటే, ఆ సంగతి నిధిదాతతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.