ఏటికి అటూ ఇటూ

పర్లాకిమిడి

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

2025 సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. పక్కింటి పిన్నిగారిని ఆపరేషనుకు శ్రీకాకుళం తీసుకువెళ్తే, మన ఒడిశా ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు తమ దగ్గర చెల్లదని అక్కడి ఆసుపత్రివారు చెప్పారు. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నమే కదా, ఏటికి అవతల అదే జబ్బుకు వేరే కార్డు ఎందుకని మీరు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు ఆసుపత్రుల్లో కాంపౌండరుగా పనిచేసినవాడికి ఆ మాత్రం చెప్పడం రాకపోవడం సిగ్గుచేటు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఏ పని కేంద్రానిది, ఏ పని రాష్ట్రాలది అని జాబితాలు ఉన్నాయి. ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు అనేవి రాష్ట్రాల జాబితాలో 6వ అంశం. అందుకే పర్లాకిమిడి ఆసుపత్రికి వైద్యుణ్ణి నియమించేది భువనేశ్వర్, పాతపట్నం ఆసుపత్రికి నియమించేది అమరావతి. కార్డు సంగతీ అంతే. ఆంధ్రలో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు శ్రీకాకుళం వాటిలో ఒకటి కావడంతో, అవతలి ఒడ్డున ఉన్న మన చుట్టాలు గుండె ఆపరేషన్లు ఉచితంగా చేయించుకుంటుంటే ఇవతలివాళ్లం చూస్తూ ఉండిపోయాము. ఒడిశాలో బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన 2018 ఆగస్టు 15న వచ్చింది: కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఆడవారికి మొదట 7 లక్షలు, తరువాత 10 లక్షల వరకు. ఏ చికిత్సకు ఎంత అన్నది ప్రభుత్వమే ముందుగా నిర్ణయించి, తనతో ఒప్పందం ఉన్న ఆసుపత్రికి ఆ సొమ్ము చెల్లిస్తుంది. ఒప్పందం లేని చోట కార్డు వట్టి అట్టముక్క. పిన్నిగారికి జరిగింది అదే. తరువాత 2025 ఏప్రిల్‌లో ఒడిశా కేంద్ర ప్రభుత్వ వైద్య పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కనుక, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రి ఇతర రాష్ట్రాల్లో ఉన్నా ఇప్పుడు వైద్యం చేయించుకోవచ్చు.

మన ఒడిశాలోనే బరంపురంలో 1962 నుంచి వైద్య కళాశాల, దానికి పెద్దాసుపత్రి ఉండగా ఆమె శ్రీకాకుళం ఎందుకు వెళ్లింది అంటారేమో. కడుపులో నొప్పి ఎలా ఉందో, గుచ్చుతోందో, మెలిపెడుతోందో, ఒడియాలో చెప్పడం ఆమెకు రాదు. ఏ పథకం కాగితంలోనూ ఈ ఇబ్బంది గురించి ఒక్క ముక్క నాకు కనబడలేదు. కొండ మీది నుంచి వచ్చే సవర గిరిజనులకైతే ఒడియా, తెలుగు రెండూ పరాయివే; నేను మందులు కట్టినంత సేపూ నోటితో దుబాసీ పని కూడా చేసేవాణ్ణి.

ఇక జబ్బుకు ఏ హద్దూ తెలియదు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా చూడడాన్ని రాజ్యాంగం కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలో 29వ అంశంగా విడిగా పెట్టింది. మన వైపు దీని అవసరం చలిజ్వరం, అంటే మలేరియా, చూసినవారికి తెలుస్తుంది. దోమ అంటే మురుగుకాలువే గుర్తుకొస్తుంది గాని, మన కొండల్లో మలేరియాను మోసే దోమల్లో ఒక జాతి తేటగా పారే వాగునీటిలోనే పెరుగుతుంది. పైగా ఒంట్లో మలేరియా క్రిమి ఉన్నా జ్వరం రాని మనుషులు కొండ ఊళ్లలో చాలామంది ఉంటారు. వారిని కుట్టిన దోమ పక్కవారిని కుడితే చాలు. జ్వరం వచ్చినవాడికే మందు ఇస్తూ మేము ఎన్నో ఏళ్లు గడిపాము, అందుకే అది ఏటేటా మళ్లీ వచ్చేది. ఒడిశా ప్రభుత్వం దమన్ అనే కార్యక్రమంతో ఈ పద్ధతిని తలకిందులు చేసింది: దారిలేని ఊళ్లకు సిబ్బందే వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ వేలి మీద రక్తం తీసి పరీక్షించి, క్రిమి ఉన్నవారికి మందులు మింగించి, మందు పట్టించిన దోమతెరలు పంచి, గోడలకు మందు కొట్టారు. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన మలేరియా కేసులు 2018 నాటికి 70 వేల లోపుకు దిగాయి. పెద్ద ఆపరేషన్ల కార్డు కంటే ఆ దోమతెరకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఈ మాటకు మీ నాన్న నాతో వాదిస్తాడు.

దూరం సంగతి కూడా చెప్పాలి. మైదానంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని లెక్కయితే, కొండ ప్రాంతంలో 20 వేలకే ఒకటి ఉండాలి. అయినా రోడ్డు లేకపోతే కేంద్రం ఎక్కడున్నా ఒకటే. నొప్పులు మొదలైన మనిషిని రాత్రిపూట డోలీలో మోసుకొచ్చేసరికి తెల్లవారిపోయిన రోజులు నేను చూశాను. ఒకసారి మేము తలుపు తీసేసరికి తల్లి మాత్రమే బతికి ఉంది. ఇప్పుడు ‘మా గృహ’ అని, అంటే అమ్మ ఇల్లు అని, నెలలు నిండిన కొండవాళ్లను ముందుగానే తెచ్చి ఆసుపత్రి దగ్గర ఉంచుతున్నారు. మన రాష్ట్రంలోనే మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం వెనుక దశాబ్దాలపాటు తెగిపోయి ఉన్న ఊళ్లకు 2018లో గురుప్రియ వంతెన వేశారు. అది రోడ్లవారి లెక్కలో పడ్డా నాకు మాత్రం ఆరోగ్యశాఖ పనిలాగే కనిపిస్తుంది.

కార్డు మనిషిని ఆసుపత్రి వరకు చేరుస్తుంది, అక్కడ వైద్యుణ్ణి కూర్చోబెట్టదు. నేను పనిచేసిన ఒక చోట రెండేళ్లపాటు వైద్యుడి కుర్చీ ఖాళీగా ఉంటే, రాయకూడని చీటీలు నేనే రాశాను. రక్తపోటు మాత్రల వంటివి నెలనెలా ఉచితంగా అందాలంటే కార్డు కాదు, 2015లో వచ్చిన నిరామయ పథకం కింద మందుల కొట్టులో నిల్వ ఉండాలి. మన ఊరి ముసలివాళ్లకు ఆపరేషన్ల కంటే ఆ మాత్రలతోనే పని ఎక్కువ.

పిన్నిగారికి ఆ ఫిబ్రవరిలోనే బరంపురంలో ఆపరేషను అయింది. తోడుగా నేను వెళ్లాను. నొప్పి మెలిపెడుతోందని ఒడియాలో నేను చెబుతుంటే, కుర్ర డాక్టరమ్మ నవ్వి, తానూ ఇచ్ఛాపురం అమ్మాయినేనని తెలుగులో అంది.

ఇట్లు,
మీ తాతయ్య