కొండ వెన్నుపై ఒక్కరోజు నడక: అపోహలు - వాస్తవాలు

శేషాచలం, నల్లమల, పాడేరు కొండల్లో ఒక్కరోజు నడకలకు జనాన్ని తీసుకెళ్లడం నా వృత్తి. వానలు తగ్గాక, అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఫోను మోగుతూనే ఉంటుంది. చాలామంది మొదట పులుల గురించి అడుగుతారు, తర్వాత జలపాతాల గురించి. ఎన్ని గంటలకు కిందికి దిగుతామని అడిగేవాళ్లు అరుదు. నా దృష్టిలో బయలుదేరే ముందు అన్నింటికన్నా ముందుగా తేల్చుకోవలసిన సంగతి అది. కింద రాసిన అపోహల్లో సగానికి సగం దాన్ని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: మన కొండలు ఎత్తు తక్కువ, కాబట్టి నడక తేలిక

ఆంధ్రప్రదేశ్‌లో అన్నింటికన్నా ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ 1,680 మీటర్లే. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది కాబట్టి ఆ భయం ఇక్కడ లేదు. కానీ కాళ్లకు తెలిసేది శిఖరం ఎత్తు కాదు, రోజంతా ఎక్కిన ఎత్తుల మొత్తం. కొండ వెన్ను, అంటే కొండ పైన పొడవునా సాగే అంచు, ఎక్కడా చదునుగా ఉండదు. 400 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 800 మీటర్ల శిఖరం చేరాలంటే 400 మీటర్ల ఎక్కుడు అనుకుంటాం. దారిలో మూడు చోట్ల వంద మీటర్ల చొప్పున పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కితే అది 700 అవుతుంది.

దీనికి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మొత్తం 12 కిలోమీటర్లు, 700 మీటర్ల ఎక్కుడు ఉంటే దాదాపు మూడున్నర గంటలు. ఇది ఆగకుండా, మంచి బాటలో, అలవాటున్నవాళ్లు నడిచే వేగం. మన ఎండకూ రాళ్లకూ పదిమంది గుంపుకూ నేను దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తాను. భోజనానికి, నీళ్లకు, ఫోటోలకు ఇంకో గంటన్నర కలిపితే ఏడు గంటల దగ్గరకు వస్తుంది. ఉదయం ఆరున్నరకు నడక మొదలుపెడితే మధ్యాహ్నం ఒకటిన్నరకు కింద ఉంటారు. పదింటికి మొదలుపెడితే అయిదవుతుంది. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది, చెట్ల కింద అంతకన్నా ముందే చీకటి పడుతుంది. ఒకరి మడమ బెణికిందంటే ఆ మిగిలిన గంట చాలదు.

అందుకే శిఖరం చేరినా చేరకపోయినా వెనక్కి తిరిగే సమయాన్ని ముందే నిర్ణయించుకోవాలి, దాన్ని గుంపులో అందరికీ చెప్పాలి. శిఖరం కళ్లముందు కనిపిస్తున్నప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. అయినా నిలబెట్టుకోవాల్సిందే.

ఇంకో సంగతి మ్యాపులో కనిపించదు. నల్లమలలోనూ శేషాచలంలోనూ వెన్ను చాలాచోట్ల పలుగురాతి బండలతో, కదిలే రాళ్లతో నిండి ఉంటుంది. వానల తర్వాత ఆ రాళ్ల మీద బోదగడ్డి ఛాతీ ఎత్తున పెరుగుతుంది. అడుగు ఎక్కడ పడుతోందో కనిపించదు, చేతికర్రతో ముందు నేలను తట్టి చూసుకుంటూ నడవాలి. అలాంటి చోట గంటకు రెండు కిలోమీటర్లు నడిచినా బాగా నడిచినట్టే. నవంబరులో ఆరు కిలోమీటర్ల వెన్ను ఫిబ్రవరిలో పది కిలోమీటర్లతో సమానం.

అపోహ: దారి తప్పితే వాగు వెంట కిందికి దిగాలి, ఊరు వస్తుంది

నన్ను ఎక్కువగా భయపెట్టే నమ్మకం ఇదే. మైదానంలో వాగు ఏదో ఒక ఊరి దగ్గరికి చేరుస్తుంది, నిజమే. మన కొండల్లో మాత్రం వాగు తరచుగా గోడలా నిలువుగా తెగిన రాతి అంచు దగ్గరికి తీసుకెళ్తుంది. తలకోన జలపాతం సుమారు 270 అడుగులు. పైనుంచి నీటి వెంట వచ్చేవాళ్లకు ఆ అంచు చివరి నిమిషం దాకా తెలియదు. శేషాచలంలో తీర్థాలని పిలిచే చోట్లు చాలావరకు ఇలా మూడు వైపులా కొండచరియలు కమ్మిన లోయలే. పాచి పట్టిన బండ మీద రెండు నిలువుల ఎత్తు జారుతూ దిగినవాళ్లు మళ్లీ పైకి ఎక్కలేరు, ముందుకు దిగడానికీ దారి ఉండదు. పైగా లోయలో ఫోను సిగ్నల్ అందదు, అరుపు కూడా వెన్ను మీదికి వినిపించదు.

దారి తప్పామని అనుమానం వచ్చిన క్షణంలోనే ఆగాలి. కూర్చుని నీళ్లు తాగి, కచ్చితంగా దారి మీద ఉన్నామని తెలిసిన చివరి చోటికి వచ్చిన దారినే వెనక్కి నడవాలి. అది కుదరకపోతే వెన్ను మీద, ఆకాశం కనిపించే చోట ఉండిపోవాలి. ఈలతో మూడేసి సార్లు, మధ్య విరామమిచ్చి ఊదాలి. నేను తీసుకెళ్లే ప్రతి ఒక్కరి మెడలో ఈల ఉంటుంది, పిల్లలకు దాన్ని ఎప్పుడు ఊదాలో ముందే నేర్పుతాను.

అపోహ: సిగ్నల్ లేకపోతే ఫోను దారి చూపదు

జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా అందుతుంది, దానికి సెల్ టవరు అక్కర్లేదు. కావలసింది ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెడితే టవరు కోసం వెతుకుతూ బ్యాటరీ అయిపోవడం తగ్గుతుంది, జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది. దట్టమైన చెట్ల కింద, లోయల్లో మ్యాపు మీద మనల్ని చూపే చుక్క కొంత పక్కకు జరుగుతుంది, దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ దిగుతామో, ఎన్నింటిలోపు ఫోను చేయకపోతే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి రండి.

అపోహ: అడవి నిండా వాగులే, నీళ్లు మోయడం ఎందుకు

వాగులు లోయలో ఉంటాయి, మనం వెన్ను మీద ఉంటాం. సంక్రాంతి దాటితే చిన్న వాగులు చాలావరకు మడుగులుగా మిగులుతాయి, ఆ మడుగులు జంతువులవి. చలికాలంలో మనిషికి మూడు లీటర్లు, మార్చి నుంచి నాలుగు లీటర్లు మోయాల్సిందే. కొండ మీద చల్లగా ఉంటుందన్న మాట కూడా కొంతవరకే నిజం. సగటున ప్రతి కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 40 ఉంటే 600 మీటర్ల పైన 36 ఉంటుంది, నీడ లేని బండల మీద ఆ తేడా ఒంటికి తెలియదు. చెమట ధారగా పోతున్నప్పుడు వట్టి నీళ్లే తాగుతూ ఉంటే ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతుంది. పులిహోర, ఉప్పు వేసిన వేరుశనగలు, లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ చాలు.

అపోహ: అడవిలో అసలు ప్రమాదం పులి

పులి మనిషి అలికిడికి తప్పుకుంటుంది. ఎలుగుబంటి అలా కాదు. దగ్గరికి వచ్చేదాకా మనల్ని గమనించక, ఉలిక్కిపడి మీదపడుతుంది. చెదపుట్టల దగ్గర, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే చెట్ల కింద తెల్లవారుజామున, సాయంత్రం మరీ జాగ్రత్త. మలుపుల దగ్గర మాట్లాడుకుంటూ నడవండి.

నేను ఎలుగుబంటి కన్నా ఎక్కువగా కనిపెట్టి చూసేది పెద్ద తేనెటీగలను. కొండచరియల కింద, ఎత్తైన చెట్ల కొమ్మలకు పెద్ద పట్టులు వేలాడుతుంటాయి. పొగ, విసిరిన రాయి, ఘాటైన సెంటు, డ్రోన్ రొద, వీటిలో ఏదైనా వాటిని రెచ్చగొట్టవచ్చు. లేచాయంటే పడుకోకూడదు, చేతులతో కొట్టకూడదు, నీళ్లలో దూకకూడదు. ముఖం కప్పుకుని ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. ముల్లు ఎలా తీశామన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా అది ఆసుపత్రి కేసు.

పాముకాటుకు తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మూడూ హాని చేసేవే. ఉంగరాలు, పట్టీలు, గడియారం తీసేసి, కరిచిన చేతినో కాలినో కర్రతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపాలి. విషానికి విరుగుడు మందు తప్ప మరో వైద్యం లేదు. ఆ మందు ఉన్న దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో, దిగే చోటు నుంచి ఎంతసేపు పడుతుందో బయలుదేరే ముందే కనుక్కుని పెట్టుకోండి. రోడ్డు చేరాక 108కు ఫోను చేయవచ్చు.

అపోహ: అడవి అందరిదీ, అనుమతి దేనికి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. శేషాచలంలో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, నల్లమలలో అటు నాగార్జునసాగర్-శ్రీశైలం, ఇటు అమ్రాబాద్ పులుల అభయారణ్యాలు. తిరుమల కొండల్లోని తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి భక్తులను పంపిస్తారు, అంతమాత్రాన ఆ దారి ఏడాదంతా తెరిచి ఉన్నట్టు కాదు. ఎర్రచందనం అడవుల్లో గస్తీ తిరిగే సిబ్బందికి రాత్రి దారి తప్పిన గుంపు ఎలా కనిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అనుమతి తీసుకుంటే స్థానిక గైడు కూడా దొరుకుతాడు. ఏ మడుగులో నీళ్లున్నాయో, ఏ పక్క పట్టులు ఉన్నాయో అతనికి తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

అపోహ: ఉరిమినా దూరంగా ఉంది, ఇంకా సమయం ఉంది

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మబ్బులు గంటలోపే కమ్ముకుంటాయి. మెరుపు కనిపించాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. వెన్ను మీద మనమే ఎత్తైన వస్తువులం. ఒంటరి చెట్టు కిందికి వెళ్లకుండా పక్క వాలులోకి, ఒకే ఎత్తు చెట్ల మధ్యకు దిగాలి, ఒకరికొకరు దూరంగా ఉండాలి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ముందే ఫోనులో పెట్టుకోండి.

వేసవిలో పొయ్యి వెలిగించడం, సిగరెట్ కాల్చడం అసలే వద్దు. మంట వాలు మీద పైకి వేగంగా పాకుతుంది, పైన ఉండేది మనమే.

అపోహ: ఇల్లు చేరితే నడక ముగిసినట్టే

పొదల్లో, గడ్డిలో ఉండే మైట్లు అనే కంటికి ఆనని పురుగుల పిల్లలు (లార్వాలు) కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. కుట్టినట్టు కూడా తెలియదు. ఇల్లు చేరగానే స్నానం చేసి, వేసుకున్న బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. చంకలు, గజ్జలు, నడుము, మోకాళ్ల వెనక చూసుకోవాలి. జ్వరం ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, అప్పటికి అడవి సంగతే మరిచిపోయి ఉంటాం. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఫలానా తేదీన అడవిలో నడిచామని చెప్పండి, ఒంటి మీద ఎక్కడైనా నొప్పి లేని నల్లటి పొక్కు ఉంటే చూపించండి. డాక్సీసైక్లిన్ అనే మందు త్వరగా మొదలుపెడితే ఈ జ్వరం సాధారణంగా రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది.