కోచ్‌పై వేటు: అపోహలు, వాస్తవాలు

పెద్ద క్లబ్‌లో కోచ్‌పై వేటు పడిందంటే హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్లంతా రెండు వర్గాలవుతారు. ఎప్పుడో తీసేయాల్సిందని కొందరు, ఇంకొంచెం టైమ్ ఇవ్వాల్సిందని కొందరు. కోచింగ్, మ్యాచ్ విశ్లేషణ మా పని కాబట్టి మేం చూసేది వేరే చోట. ఆ ఖాళీని ఎవరితో, ఎప్పుడు, ఏ షరతులతో నింపారన్నదే సీజన్‌ని తేలుస్తుంది. తీసేయడం అందులో ఒక భాగమే. ఈ విషయంలో తరచూ వినపడే కొన్ని మాటల్లో ఎంత నిజముందో చూద్దాం.

అపోహ: కోచ్‌ని మార్చగానే జట్టు గెలవడం మొదలుపెడుతుంది

వాస్తవం: చాలాసార్లు గెలుస్తుంది. మార్చకపోయినా చాలాసార్లు గెలిచేది.

ఎవరినైనా వరసగా ఐదారు మ్యాచ్‌లు పోయాకే తీసేస్తారు. ఆ ఐదారు ఓటముల్లో చెడ్డ ఆటతో పాటు దురదృష్టం కూడా ఉంటుంది. పోస్టుకి తగిలి బయటికెళ్లిన బంతులు, ఒక రెడ్ కార్డు, ఒకేసారి గాయపడ్డ ఇద్దరు డిఫెండర్లు. ఇవి ఎల్లకాలం ఉండవు. బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త 1986 నుంచి 2004 వరకు డచ్ లీగ్ ఫలితాలు తీసి, కోచ్‌ని మార్చిన జట్లను, అంతే దిగజారినా మార్చని జట్లతో పోల్చి చూశాడు. రెండు రకాల జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి.

మాంచెస్టర్ యునైటెడ్ సంగతి చూడండి. 2024 అక్టోబర్ 28న ఎరిక్ టెన్ హాగ్‌ని తీసేశారు. తాత్కాలికంగా వచ్చిన రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ 4 మ్యాచ్‌ల్లో 3 గెలిచి ఒకటి డ్రా చేశాడు. అభిమానులు పొంగిపోయారు. కానీ ఆ నాలుగూ ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే జరిగాయి. అందులో రెండు లెస్టర్‌తోనే, 5-2, 3-0. మిగతావి చెల్సీతో 1-1, పావోక్‌పై 2-0. తర్వాత రూబెన్ అమోరిమ్ వచ్చాడు. ఆ సీజన్‌ని యునైటెడ్ లీగ్‌లో 15వ స్థానంలో ముగించింది.

నిజంగా ఆట పడిపోయిందా, కాలం కలిసిరాలేదా అన్నది తేల్చుకోవడానికి గత 10 లీగ్ మ్యాచ్‌లు తీసుకోండి. పెనాల్టీలు పక్కన పెట్టి, జట్టు సృష్టించిన అవకాశాల విలువను (ఆ అవకాశాలకి ఎన్ని గోల్స్ రావాలో చెప్పే అంచనా, దీన్నే ఎక్స్‌జీ అంటున్నాం) ప్రత్యర్థికి ఇచ్చిన అవకాశాల విలువతో పోల్చండి. మనదే ఎక్కువగా ఉండి పాయింట్లు రాకపోతే తొందరపడకూడదు. పాయింట్లు వస్తున్నా ఆ తేడా నెలనెలా తరిగిపోతుంటే ప్రమాదం ముందుంది. ఆ 10లో సొంత మైదానంలో ఆడినవెన్ని, పట్టికలో పై నాలుగు జట్లతో ఆడినవెన్ని, మొదటి పదకొండు మందిలో ఎంతమంది బయట కూర్చున్నారన్నదీ రాసుకోవాలి. 2015 ఫిబ్రవరిలో యుర్గెన్ క్లాప్ కోచ్‌గా ఉన్న డోర్ట్‌మండ్ జర్మనీ లీగ్ బుండెస్‌లిగాలో అట్టడుగున ఉంది. అవకాశాల లెక్క మాత్రం అంత ఘోరంగా లేదు. క్లబ్ ఆయన్ని కదపలేదు. సీజన్ చివరికి జట్టు 7వ స్థానానికి వచ్చింది.

అపోహ: ఓడిన రాత్రి కోపంలో తీసేస్తారు

వాస్తవం: నిర్ణయం సాధారణంగా అంతకు ముందే అయిపోతుంది. ఓటమి దాన్ని బయటపెట్టే సందర్భం మాత్రమే.

2022 సెప్టెంబర్ 6న చెల్సీ జాగ్రెబ్‌లో ఓడింది. 7న థామస్ టుకెల్ ఔట్, 8న గ్రాహం పాటర్ ఇన్. ఆ ఒక్క మ్యాచ్ కారణం కాదని సహ యజమాని టాడ్ బోలీయే తర్వాత చెప్పాడు. డేవిడ్ మోయెస్ విషయంలో తేదీ ఇంకా స్పష్టం. 2014 ఏప్రిల్ 20న ఎవర్టన్‌తో 2-0 తేడాతో ఓడటంతో యునైటెడ్‌కి చాంపియన్స్ లీగ్ దారి మూసుకుపోయింది, 22న ఆయన్ని పంపించేశారు. ఆ అర్హత రాకపోతే పరిహారం ఒక ఏడాది జీతానికే పరిమితమయ్యే షరతు ఆరేళ్ల కాంట్రాక్టులో ఉందని అప్పుడు పత్రికలు రాశాయి.

సవ్యంగా జరిగే పద్ధతికి ఒక వరస ఉంది. ముందు లాయరు కాంట్రాక్టు చదువుతాడు. తర్వాతి మనిషి దొరుకుతాడో లేదో క్లబ్ చూసుకుంటుంది. ఆ తర్వాతే కోచ్‌కి ఎదురుగా కూర్చుని చెప్పాలి. వెంటనే అతని సహాయకులకు, అటుపైన కెప్టెన్‌కి, ఆటగాళ్లకి. ప్రకటన అన్నిటికంటే చివర. ఈ వరస తప్పితే డ్రెస్సింగ్ రూమ్‌లో నమ్మకం పోతుంది. 2023 మార్చిలో బయర్న్ మ్యూనిక్, యులియాన్ నాగెల్స్‌మాన్‌ని తీసేస్తోందన్న వార్త ఆయన స్కీయింగ్‌కి వెళ్లి ఉండగానే బయటికొచ్చేసింది. అప్పటికి జట్టు లీగ్‌లో డోర్ట్‌మండ్ కంటే ఒక్క పాయింటే వెనక ఉంది, చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ ముందుంది. ఆ లీగ్ టైటిల్‌ని చివరి రోజున, గోల్స్ తేడాతో, ప్రాణాలు ఉగ్గబట్టుకుని గెలవాల్సొచ్చింది.

వేటుకి అంతర్జాతీయ విరామం మంచి సమయమని అందరూ అంటారు. రెండు వారాలు దొరుకుతాయన్నది నిజమే. పెద్ద క్లబ్‌లో మాత్రం ఆ రెండు వారాలూ సగం మంది తమ దేశాల జట్లతో ఉంటారు. కొత్త కోచ్‌కి మైదానంలో మిగిలేది రిజర్వులు, గాయాల నుంచి కోలుకుంటున్నవాళ్లు, అకాడమీ పిల్లలు.

అపోహ: మిగిలిన కాంట్రాక్టు డబ్బంతా ఒకేసారి చేతిలో పెట్టాలి

వాస్తవం: కాంట్రాక్టులో ఏం రాశారో అదే ముందు చెల్లుతుంది. పరిహారం ఇంత అని రాసుంటే అంతే. ఏమీ రాయకపోతే, అంతర్జాతీయ వివాదాలకు 2021 జనవరి నుంచి ఫిఫా నిబంధనల్లో కోచ్‌ల కోసం ప్రత్యేక అనుబంధం ఉంది. దాని ప్రకారం, మిగిలిన కాంట్రాక్టు విలువలోంచి, అదే కాలానికి కోచ్ కొత్త ఉద్యోగంలో సంపాదించేది తీసేస్తారు.

లెక్క వేసి చూద్దాం. నెలకు 12 లక్షలు, ఇంకా 18 నెలలు మిగిలాయి. అంటే 2.16 కోట్లు. 3 నెలల తర్వాత అతను నెలకు 7 లక్షలకు వేరే క్లబ్‌లో చేరితే, 15 నెలలకు 1.05 కోట్లు. పాత క్లబ్ ఇవ్వాల్సింది 1.11 కోట్లు. కోచ్ ఒక్కడే కాదు, అతనితో వచ్చిన నలుగురైదుగురు సహాయకులకూ ఇదే లెక్క. ఆంటోనియో కాంటే, ఆయన బృందం నిష్క్రమణకు లాయర్ల ఖర్చుతో కలిపి చెల్సీకి 2.66 కోట్ల పౌండ్లయింది. టెన్ హాగ్‌కి, ఆయన సిబ్బందికి యునైటెడ్ 1.04 కోట్ల పౌండ్లు కట్టింది. వేటుకి నాలుగు నెలల ముందే ఆయన ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించడం వల్ల పడ్డ భారం ఇది. అమోరిమ్‌ని వదిలినందుకు స్పోర్టింగ్‌కి ఇంకో 1.1 కోట్ల యూరోలు.

డబ్బు వైపు ఇంకో నిబంధన ఉంది, మన క్లబ్బులు దీన్ని తరచూ మరిచిపోతాయి. రెండు నెలల జీతం బాకీ పడితే, కోచ్ రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే న్యాయమైన కారణంతో వెళ్లిపోవచ్చు. అప్పుడు పరిహారం కట్టాల్సింది క్లబ్బే. తీర్పు వచ్చాక 45 రోజుల్లో కట్టకపోతే కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

అపోహ: అసిస్టెంట్‌ని కూర్చోబెడితే సరిపోతుంది

వాస్తవం: లైసెన్సు అడ్డొస్తుంది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ క్లబ్ లైసెన్సింగ్ నిబంధనల్లో సీజన్ మధ్యలో ఖాళీ అయిన హెడ్ కోచ్ పదవిని అర్హత ఉన్నవాళ్లతో నింపడానికి గడువు 60 రోజులు. 2022-23లో ప్రో లైసెన్సు (కోచింగ్‌లో అత్యున్నత అర్హత) లేని విల్ స్టిల్‌ని కొనసాగించడానికి ఫ్రాన్స్ క్లబ్ రీమ్స్ ఒక్కో మ్యాచ్‌కి 25,000 యూరోల జరిమానా కట్టింది.

తాత్కాలిక కోచ్‌లు అద్భుతాలు చేయరని కాదు. రాబర్టో డి మాటెయో 2012లో చెల్సీకి చాంపియన్స్ లీగ్ అందించాడు. హాన్సీ ఫ్లిక్ 2019 నవంబర్‌లో నికో కోవాచ్ స్థానంలోకి వచ్చి 2020లో బయర్న్‌కి మూడు ట్రోఫీలు తెచ్చాడు. ఇబ్బంది, ఆ ఊపు చూసి సీజన్ మధ్యలోనే శాశ్వత కాంట్రాక్టు ఇచ్చేయడంలో ఉంది. యునైటెడ్‌కి తాత్కాలికంగా వచ్చిన ఓలే గునార్ సోల్‌స్కయర్ మొదటి 8 మ్యాచ్‌లూ గెలిచాడు. 2019 మార్చి 28న పదవి ఖాయం చేశారు. ఆ సీజన్ చివరి 5 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. మే నెల దాకా ఆగి ఉంటే క్లబ్ చేతిలో పూర్తి లెక్క ఉండేది.

అపోహ: కొత్త కోచ్ మొదటి రోజునుంచే తన పద్ధతి దించాలి

వాస్తవం: ఎక్కువ జట్లు చెడేది ఇక్కడే. శని, మంగళ, శని మ్యాచ్‌లున్న వారంలో నిజమైన ప్రాక్టీసు ఒక్క రోజే దొరుకుతుంది. మ్యాచ్ మర్నాడు కోలుకోవడం, మ్యాచ్ ముందురోజు తేలికపాటి పని. ఆ మిగిలిన 70, 80 నిమిషాల్లో నలుగురి డిఫెన్స్‌ని ముగ్గురికి మార్చాలనుకోండి. ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లోని డిఫెండర్లు) దాడికీ వెళ్లే వింగ్‌బ్యాక్‌లవుతారు, గీత పొడవునా పరుగు వాళ్లదే. వింగర్లు లోపలికి రావాలి. మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురి పని ఇద్దరి మీద పడుతుంది. పది మంది అవుట్‌ఫీల్డ్ ఆటగాళ్లలో కనీసం ఆరుగురికి పాత్ర మారిపోతుంది. మ్యాచ్‌లో బంతి పోయిన మొదటి మూడు సెకన్లలో వాళ్లు పరిగెత్తరు, ఎటు పోవాలా అని ఆలోచిస్తారు. గోల్ అక్కడే పడుతుంది.

మొదటి మ్యాచ్‌కి మూడు విషయాలు చాలు: డిఫెన్స్ గీత ఎంత ఎత్తులో నిలబడాలి, ప్రెస్ (బంతి ఉన్న ప్రత్యర్థి మీదికెళ్లి ఒత్తిడి పెట్టడం) ఎవరు మొదలుపెట్టాలి, మనం దాడిలో ఉన్నప్పుడు వెనక ఎవరెవరు ఉండిపోవాలి. వీడియో మీటింగ్ 15 నిమిషాలు దాటకూడదు, 6 నుంచి 8 క్లిప్పులు. కార్నర్‌లను కాచే పద్ధతిని రెండు మ్యాచ్‌ల దాకా ముట్టుకోవద్దు. జోన్ పద్ధతికి (ఒక్కొక్కరూ ఒక్కో చోటుని కాచడం) అలవాటు పడ్డవాళ్లని ఒక్క ప్రాక్టీసుతో మనిషికి మనిషి పద్ధతికి మారిస్తే దగ్గరి పోస్టు దగ్గర ఎవరూ ఉండరు.

శరీరం సంగతి ఇంకా ముఖ్యం. కొత్త కోచ్ కళ్లలో పడాలని అందరూ ప్రాక్టీసులో ఒళ్లు దాచుకోకుండా పరిగెత్తుతారు. అదే వారంలో ప్రెసింగ్ పెంచితే వేగపు పరుగు దూరం ఒక్కసారిగా ఎగబాకుతుంది, రెండు మూడు వారాల్లో తొడ వెనక కండరాలు పట్టేస్తాయి. పరుగుని కొలిచే జీపీఎస్ వెస్టులుంటే గత నాలుగు వారాల సగటు తీసి, వారానికి 10 శాతానికి మించి పెంచకండి. వెస్టులు లేకపోతే, గంటకు పాతిక కిలోమీటర్లు దాటే స్థాయి స్ప్రింట్‌లను చేత్తోనే లెక్కపెట్టండి. పాత ఫిజియోని కోచ్‌తో పాటే పంపించేసే క్లబ్బులు ఈ సమాచారాన్నంతా గేటు బయటికి పంపినట్టే.

అపోహ: ఓపిక పడితే ప్రతివాడూ ఫెర్గూసన్ అవుతాడు

వాస్తవం: 1986 నవంబర్‌లో యునైటెడ్‌లో చేరిన అలెక్స్ ఫెర్గూసన్‌కి మొదటి ట్రోఫీ 1990లో వచ్చింది. అయితే క్లబ్ గుడ్డిగా ఎదురుచూడలేదు. ఆయన అప్పటికే అబర్డీన్‌తో 1983లో యూరప్ ట్రోఫీ గెలిచినవాడు, కుర్రాళ్ల వ్యవస్థని తిరగరాస్తున్నాడని కళ్లకు కనపడుతోంది.

అంతకంటే మంచి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ నడిపిన భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఇవాళైతే ఆ రాత్రే కోచ్ పోయేవాడు. రహీమ్ ఉన్నారు, పద్ధతులే మారాయి. బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. ఆయన చేతిలోని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. ఓటమి తర్వాత ఏం మార్చారో వేలు పెట్టి చూపించగలిగితేనే ఓపికకి అర్థముంది.

అపోహ: పెద్ద పేరున్న విదేశీ కోచ్‌ని తెస్తే చాలు

వాస్తవం: ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆడిన మన క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి కోచ్ ఫిల్ బ్రౌన్, 2008లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కి చేర్చినవాడు. 2019-20లో జట్టు 18 మ్యాచ్‌ల్లో 2 గెలిచి అట్టడుగున నిలిచింది. 2020 జనవరిలో ఆయనపై వేటు పడింది. తర్వాతి సీజన్ కోసం ఆల్బర్ట్ రోకాని తెచ్చారు, ఆయన్ని బార్సిలోనా పిలుచుకుపోయింది. అప్పుడొచ్చినవాడు మనోలో మార్కెజ్. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లకి వరసగా ఆట ఇచ్చాడు, ముందు వరసలో బార్తలోమ్యూ ఓగ్‌బెచె ఒక్కడే 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్ని కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో గెలిచాం. లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు.

2023లో మార్కెజ్ ఎఫ్‌సీ గోవా క్లబ్‌కి వెళ్లాక బాకీలు, రిజిస్ట్రేషన్ నిషేధం చుట్టుముట్టాయి. 2023-24లో ఒకే గెలుపు, 8 పాయింట్లు. ఆ స్థితిలో ఏ కోచ్‌ని తెచ్చినా గట్టెక్కేది కాదు. ఉన్న ఆటగాళ్లు వెళ్లిపోతున్నారు, కొత్తవాళ్లని నమోదు చేయడానికి వీల్లేదు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో ఆ పసుపు జెర్సీలు చూసినవాళ్లకి ఈ నష్టం ఎంతటిదో తెలుసు.

ఇక నగరంలోని చిన్న క్లబ్బులు, అకాడమీల కోసం. సీజన్ మధ్యలో కోచ్‌ని మార్చక తప్పకపోతే, అతను వెళ్లే రోజున ఇవి చేతికి తీసుకోండి: ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎవరికెన్ని పసుపు కార్డులు, గాయాల జాబితా, కార్నర్, ఫ్రీకిక్ బొమ్మలు, మ్యాచ్ వీడియోల పాస్‌వర్డ్‌లు, ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ సిస్టమ్ లాగిన్. బాకీ జీతం అదే రోజు ఇచ్చి రసీదు రాయించుకోండి. కొత్త కోచ్ కాంట్రాక్టులో నోటీసు 30 రోజులని, పరిహారం ఇన్ని నెలల జీతమని అంకెల్లో రాయండి. పిల్లల తల్లిదండ్రులకి విషయం వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు, పిల్లలకి మైదానంలో పాత కోచ్ చేతనే చెప్పించండి.