ఫ్లాపీ ఉంది, డ్రైవ్ ఏదీ?

ఒకప్పుడు కంప్యూటర్ ఫైళ్లు దాచుకున్న మూడున్నర అంగుళాల ఫ్లాపీ చేతికందితే చాలు, దాని రేకు మూతను వేలితో పక్కకు జరిపి టప్‌మని వదిలేసేవాళ్లం. ఆ మూత వెనకున్నదే అసలు డిస్క్: పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అయస్కాంత పూత. క్యాసెట్ టేపునే గుండ్రంగా కత్తిరించారనుకోండి. డ్రైవ్‌లో అది నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంటే, చదివే భాగమైన హెడ్ దాన్ని తాకుతూనే చదువుతుంది.

ఒక్కో వైపు 80 వలయాలు, వలయానికి 18 ముక్కలు, ముక్కకు 512 బైట్లు. రెండు వైపులా కలిపి 14,74,560 బైట్లు. దీన్ని ఒకసారి 1024తో, ఇంకోసారి 1000తో భాగిస్తే గానీ అట్టమీద వేసిన 1.44 ఎంబీ రాదు. శేరూ కిలో కలిపి తూచినట్టుంది ఈ లెక్క! ఫోన్లో తీసిన 4 ఎంబీ ఫొటోకి మూడు ఫ్లాపీలు కావాలి.

అయినా తెలుగు మ్యాటరుకు ఆ చోటే ఎక్కువ. డీటీపీ సెంటర్లో శుభలేఖ కంపోజ్ చేయించి, ఫ్లాపీ జేబులో వేసుకుని ప్రెస్సుకు పరిగెత్తేవాళ్లం. పెద్ద ఫైలైతే నాలుగైదు ఫ్లాపీలకు పంచాలి. నాలుగోది మొరాయిస్తే మళ్లీ బస్సెక్కాలి.

ఐబీఎం 1971లో 8 అంగుళాల ఫ్లాపీ తెచ్చింది. 1998లో ఆపిల్ వారి ఐమ్యాక్ కంప్యూటర్ ఫ్లాపీ డ్రైవ్ లేకుండానే వచ్చింది. 2000లో వచ్చిన 8 ఎంబీ పెన్‌డ్రైవ్‌లో ఐదు ఫ్లాపీల సరుకు పట్టింది. జపాన్‌లో సోనీ 2011లో ఫ్లాపీల అమ్మకాలు ఆపేసింది. అయినా అమెరికా అణ్వాయుధ దళాలకు ఆదేశాలు చేరవేసే వ్యవస్థలో 8 అంగుళాల ఫ్లాపీలు 2019 దాకా నడిచాయి. దరఖాస్తులు ఫ్లాపీలో ఇవ్వాలన్న నిబంధనలను జపాన్ ప్రభుత్వం వదిలించుకునేసరికి 2024 వచ్చింది.

మరి పెన్‌డ్రైవ్ శాశ్వతమా? అందులో సమాచారమంటే బంధించి ఉంచిన ఎలక్ట్రాన్లే. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అవి మెల్లగా జారిపోతాయి. చాలా పెద్ద సంస్థలు పాత సమాచారాన్ని ఇప్పటికీ టేపు మీద దాచుకుంటున్నాయి. ఎల్‌టీఓ-9 అనే తరం టేపు ఒక్కదాంట్లో 18 టీబీ, అంటే కోటీ ఇరవై లక్షల ఫ్లాపీల సరుకు. కానీ దాన్ని చదివే డ్రైవ్ తన తరం టేపును, దానికి ముందు తరం టేపును మాత్రమే చదవగలదు, అంతకంటే పాతదాన్ని ముట్టుకోదు. అందుకే కొన్నేళ్లకోసారి అంతా కొత్త టేపుల్లోకి ఎక్కించుకోవాల్సిందే. గాజు పలకల్లో, డీఎన్‌ఏలో దాచే ప్రయోగాలూ జరుగుతున్నాయి. వాటిని చదివే యంత్రం ఎన్నాళ్లు దొరుకుతుందన్నదే నా అనుమానం.

ఆ అనుమానం ఊరికే రాలేదు. మొన్న యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి కొని, ఇంట్లో ఉన్న పదకొండు ఫ్లాపీలు ముందేసుకున్నాను. రెండింటికి తేమకు తెల్లగా బూజు పట్టింది. వాటిని పక్కన పెట్టేశాను. ఆ బూజు హెడ్‌కు అంటుకుంటే తర్వాత పెట్టే మంచి ఫ్లాపీ కూడా గీసుకుపోతుంది. మిగతావాటిలో ఏడు తెరుచుకున్నాయి, కానీ తెర నిండా అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు! ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఫాంటుతో కొట్టినవి కదా. ఆ ఫాంటు వెతికి వేశాక ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని కనిపించింది. అక్క పెళ్లి శుభలేఖ.

ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. అయిదు నిమిషాల్లో ఫోన్ చేసింది. “ఇందులో ముహూర్తం తప్పు పడింది కదరా! దిద్దించింది వేరే ఫ్లాపీలో ఉండాలి, చూడు.”

బూజు పట్టినవి రెండూ ఇంకా బల్ల మీదే ఉన్నాయి.