కొత్త ప్రాసెసర్ వేస్తే గేమ్ వేగం పెరుగుతుందా?

ప్రియమైన పిల్లలకు,

కొత్త ఆర్కిటెక్చర్ (అంటే లోపలి డిజైన్) ఉన్న ప్రాసెసర్ వేయిస్తే గేమ్ ఆగి ఆగి నడవడం పోతుందా అని మొన్న ఫోన్‌లో అడిగారు. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

గేమ్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, చూపించాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. ఆ కాస్త సమయంలోనే ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, గోడ కూలితే రాళ్ళు ఎటు పడతాయి అన్నీ ప్రాసెసర్ లెక్కతేల్చి ఇవ్వాలి, గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయాలి. ఒకటి ఆలస్యం చేస్తే రెండోది ఖాళీగా ఉండాల్సిందే. 4కె రిజల్యూషన్‌లో ఫ్రేముకు దాదాపు 83 లక్షల చుక్కలు, అంటే 1080పీకి నాలుగింతలు. అక్కడ సాధారణంగా వెనకబడేది కార్డు. అలాంటప్పుడు ఎంత కొత్త ప్రాసెసర్ పెట్టినా తేడా పెద్దగా తెలియదు.

పోనీ, వెనకబడింది ప్రాసెసరే అనుకుందాం. అప్పుడు కూడా కొత్తది అన్న మాటొక్కటే చూసి డబ్బు పెట్టొద్దు. 2011లో ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ తెచ్చిన బుల్డోజర్ పూర్తిగా కొత్త డిజైన్, ఎనిమిది కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు). కానీ ఒక్కో కోరు బలం తక్కువ కావడంతో కొన్ని గేముల్లో వాళ్ళ పాత ఫెనామ్ ప్రాసెసర్ల కంటే వెనకబడింది.

నాకు బాగా నచ్చింది 2022లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్3డీ. ఆర్కిటెక్చర్ అంతకుముందున్న జెన్ 3 అనేదే. గరిష్ఠ వేగం మామూలు 5800ఎక్స్‌కు 4.7 గిగాహెర్ట్జ్ అయితే దీనికి 4.5. చిప్ మీద ఇంకో పొర క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) అతికించి 32 ఎంబీని 96 చేశారు, అంతే. చాలా గేముల్లో 5800ఎక్స్‌ను దాటేసింది! గేముకు కావలసిన సమాచారం మెమరీలో చెల్లాచెదురుగా ఉంటుంది. దానికోసం ర్యామ్ (కంప్యూటర్ ప్రధాన మెమరీ) దాకా వెళ్ళిన ప్రతిసారీ ప్రాసెసర్‌కు వందల సైకిళ్ళు (దాని గడియారం టిక్కులు) వృథా. పక్కనే పెద్ద క్యాష్ ఉంటే ఆ ఎదురుచూపు చాలావరకు తప్పుతుంది.

అలాగని కొత్త డిజైన్లన్నీ దండగ అనను. 2020లో జెన్ 3 వచ్చినప్పుడు గేముల వేగం బాగానే పెరిగింది. దానికి ముందు డిజైన్ జెన్ 2లో నాలుగేసి కోర్లకు 16 ఎంబీ చొప్పున విడివిడిగా ఉన్న క్యాష్‌ను కలిపి, ఎనిమిది కోర్లకూ ఒకే 32 ఎంబీగా ఇవ్వడం అందుకు ఒక ముఖ్య కారణం.

మీ కంప్యూటర్‌లో ఒక పని చేయండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములో చూపే) కౌంటర్ పెట్టి, రద్దీగా ఉండే చోట ఆగి, రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఫ్రేములు గబుక్కున పెరిగితే అడ్డు కార్డు దగ్గరుంది. ఉన్నచోటే ఉంటే ఎక్కువగా ప్రాసెసర్ దగ్గరే. రెండు నంబర్లూ నాకు రాసి పంపండి, ఏం కొనాలో అప్పుడు చూద్దాం.

మీ
పెదనాన్న