సైకాలజిస్టుతో తొలి అపాయింట్‌మెంట్: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను బెంగళూరులో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. గది లోపల ఏం జరుగుతుందో తెలియక నెలల తరబడి వాయిదా వేశామని వారిలో చాలామంది చెబుతారు. వారి నోట ఎక్కువగా వినిపించే అనుమానాలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

అపోహ: అక్కడ చెప్పినదంతా ఇంటికో, ఆఫీసుకో చేరిపోతుంది.

వాస్తవం: మొదటి రోజు ఇచ్చే ఫారంలో పేరు, వయసు, చిరునామా చకచకా నింపేవారు కూడా ‘అత్యవసర పరిస్థితిలో ఎవరికి తెలియజేయాలి’ అన్న గడి దగ్గరకు రాగానే పెన్ను ఆపి, “నాన్నగారికి ఫోన్ చేస్తారా అండీ?” అని అడుగుతారు. చేయము. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే ఆ నంబరు అవసరమవుతుంది, అక్కడ స్నేహితుడి నంబరు రాసినా ఇబ్బంది లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించి, వాటిని బయటపెట్టకుండా ఉండే బాధ్యతను వైద్య సిబ్బందిపై ఉంచింది. అయితే ఈ గోప్యతకు హద్దులు లేకపోలేదు: మీ ప్రాణానికి గానీ ఇతరుల ప్రాణానికి గానీ ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినప్పుడు (2012 నాటి పోక్సో చట్టం ప్రకారం) మేము మౌనంగా ఉండకూడదు. ఈ హద్దులను మీరు నోరు విప్పకముందే వివరించడం సైకాలజిస్టు విధి, వివరించకపోతే అడిగి తెలుసుకోవడం మీ హక్కు. కంపెనీ ఏర్పాటు చేసిన కౌన్సెలింగ్‌కు వెళ్తున్నవారు హెచ్‌ఆర్‌కు ఏ సమాచారం వెళ్తుందో, ఏది వెళ్లదో ఆ రోజే స్పష్టంగా అడగాలి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇళ్లలో ‘నలుగురికీ తెలిస్తే’ అన్న బెంగ ఎంత బలమైనదో నాకు తెలుసు కాబట్టే ఈ విషయాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: వెళ్లగానే మాత్రలు రాసేస్తారు.

వాస్తవం: సైకాలజిస్టు మందులు రాయరు. ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన సైకియాట్రిస్టు మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, ఆ నంబరు అడిగితే మంచి సైకాలజిస్టు ఎవరూ నొచ్చుకోరు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 లోపం వంటివి కూడా నీరసం, దిగులు రూపంలో కనిపిస్తాయి కాబట్టి ముందు ఫిజీషియన్‌ను కలిసి రక్తపరీక్షలు చేయించుకోమని మేము సూచించవచ్చు.

అపోహ: మొదటి రోజే పరిష్కారం చెప్పి పంపిస్తారు.

వాస్తవం: “ఉద్యోగం మానేయమంటారా, వద్దంటారా? ఒక్క మాట చెప్పండి” అని అడిగేవారికి నా జవాబు నిరాశ కలిగిస్తుంది. సాధారణంగా నలభై అయిదు నిమిషాల నుంచి గంట దాకా సాగే తొలి భేటీలో ఎక్కువ సమయం తెలుసుకోవడానికే సరిపోతుంది: ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా, ఏవైనా మందులు, మద్యం వాడుతున్నారా అని అడుగుతాము. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి కూడా ఇవ్వవచ్చు. గడచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుండే ఆ కాగితంలో స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది. అది దిగులు తీవ్రతను అంచనా వేయడానికి మాత్రమే ఉపయోగపడుతుంది, దాని ఒక్కదాని ఆధారంగా జబ్బు పేరు నిర్ణయించము. ఆన్‌లైన్‌లో ఆ స్కోరు తామే లెక్కేసుకుని, జబ్బు పేరు కూడా పెట్టుకుని వచ్చేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. చివరి పది నిమిషాల్లో నాకు అర్థమైనదేమిటో చెబుతాను, అందులో తప్పుంటే మీరు దిద్దాలి.

అన్నీ ఆ గంటలోనే చెప్పేయాలన్న నియమం కూడా లేదు. “ఈ విషయం ఇప్పుడే మాట్లాడలేను” అన్నా అది మాకు పనికొచ్చే సమాచారమే.

అపోహ: ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి.

వాస్తవం: ఆఫీసు గొడవను ఇంగ్లిష్‌లో సాఫీగా చెప్పుకొచ్చిన మనిషి అమ్మ ప్రస్తావన రాగానే తెలుగులోకి వచ్చేయడం నేను తరచుగా చూస్తుంటాను. బెంగళూరులో తెలుగు మాట్లాడే సైకాలజిస్టులు దొరుకుతారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగండి.

అపోహ: చనిపోవాలన్న ఆలోచన గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుంది.

వాస్తవం: ఈ ప్రశ్న తొలి భేటీలోనే, డొంకతిరుగుడు లేకుండా అడుగుతాము. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, పైగా చాలామందికి అడిగాకే ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. “అవును” అన్నంత మాత్రాన ఆసుపత్రిలో చేర్పించరు. ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఏదైనా ఏర్పాటు చేసుకున్నారా, రాత్రివేళ తోడు ఎవరున్నారు అన్నవి తెలుసుకుని, ఆ వారం గడిచే మార్గాన్ని ఇద్దరమూ కలిసి కాగితం మీద రాసుకుంటాము. అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగలేని పరిస్థితి ఉంటే, 2022 అక్టోబరులో మొదలై, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మార్గదర్శకత్వంలో నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, అక్కడ తెలుగులో మాట్లాడే వీలుంది.